పిండి ఎంతుందో చూపించే వంద రూపాయలు: జీతాల చర్చలకు ఎం.సి.ఏ. పోర్టల్, లేబర్ బ్యూరో సూచీ, ఆర్.టి.ఐ. ఎంత పనికొస్తాయి?

చెన్నై చుట్టూ ఉన్న ఫ్యాక్టరీల్లో జీతాల ఒప్పందాన్ని సాధారణంగా మూడు నాలుగేళ్ళకోసారి తిరగరాస్తారు. గడువు దగ్గరపడ్డాక కమిటీ కూర్చుని ఒక అంకె అనుకుంటుంది: పన్నెండు వేలు అడుగుదాం, ఆరు దగ్గర ఆగుదాం. అవతలివైపు నుంచి వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: పిండి కొద్దీ రొట్టె. దానికి ఎదురు చెప్పాలంటే పిండి ఎంతుందో తెలియాలి. తెలుసుకునే దారులు మూడున్నాయి. మూడూ ప్రభుత్వం నడిపేవే. వకీలు, కన్సల్టెంటు లేకుండా కమిటీ సొంతంగా వాడుకోగలిగినవే. సూళ్ళూరుపేట నుంచి లోకల్ రైలెక్కి గుమ్మిడిపూండి వచ్చేవాళ్ళు, అంబత్తూరులో స్థిరపడ్డవాళ్ళు, శ్రీపెరుంబుదూరు, ఒరగడం హాస్టళ్ళలో ఉండేవాళ్ళు, కమిటీల్లో ఉన్న తెలుగువాళ్ళందరికీ పనికొచ్చేలా ఈ మూడింటి మంచిచెడ్డలు ఇక్కడ రాస్తున్నాం.

మేము పెట్టుకున్న కొలత ఒక్కటే. యూనియన్ సొంతంగా తయారుచేసిన లెక్కను యాజమాన్యం కొట్టిపారేస్తుంది. తానే సంతకం పెట్టి దాఖలు చేసిన లెక్కనో, ప్రభుత్వం ప్రకటించిన అంకెనో కొట్టిపారేయలేదు. టేబుల్ మీద పెడితే అవతలివాళ్ళు ఒప్పుకోక తప్పని కాగితాన్ని ఏ సేవ ఇస్తుందో, దానికే మా మార్కు.

ఎం.సి.ఏ. పోర్టల్: అయిదుకు నాలుగు

కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో ‘వ్యూ పబ్లిక్ డాక్యుమెంట్స్’ అనే సేవ ఉంది. ఖాతా తెరిచి, లాగిన్ అయి, కంపెనీ పేరు వెతికి, ఆన్‌లైన్‌లో వంద రూపాయలు కడితే ఆ కంపెనీ ఏళ్ళ తరబడి దాఖలు చేసిన కాగితాలు తెరుచుకుంటాయి. ఇది ఒక్కో కంపెనీకి వంద.

మొదటి పొరపాటు పేరు వెతకడంలోనే జరుగుతుంది. గేటు మీద బోర్డు ఒకటి, జీతమిచ్చే కంపెనీ ఇంకొకటి అయ్యుండొచ్చు. ఒకే బ్రాండు కింద మూడు నాలుగు కంపెనీలుంటాయి. తప్పుదానికి కడితే సరైనదానికి మళ్ళీ కట్టాలి. అందుకని పే స్లిప్పు మీదో ఫారం 16 మీదో ఉన్న పూర్తి పేరు తీసుకోండి. ఆ పేరుకు 21 అక్షరాలు, అంకెలు కలిసిన సి.ఐ.ఎన్. (కంపెనీ గుర్తింపు) నంబరు ఉంటుంది. మొదటి అక్షరం ‘ఎల్’ అయితే షేర్ మార్కెట్లో లిస్టయిన కంపెనీ, ‘యు’ అయితే కానిది. మధ్యలో వచ్చే రెండక్షరాలు రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న రాష్ట్రానివి. ఫ్యాక్టరీ ఒరగడంలో ఉన్నా అక్కడ ‘టి.ఎన్.’ బదులు ‘ఎం.హెచ్.’ కనిపించొచ్చు, కంగారుపడక్కర్లేదు. ‘ఎల్’ కంపెనీ అయితే వంద కట్టే పనే లేదు. వార్షిక నివేదిక, మూడు నెలలకోసారి వచ్చే ఫలితాలు స్టాక్ ఎక్స్ఛేంజి సైట్లలో ఉచితంగా దొరుకుతాయి.

డబ్బు కట్టాక ఏడు రోజుల్లోగా తెరవాలి. తెరిచిన క్షణం నుంచి మూడు గంటలే గడువు. ఆ మూడు గంటలూ చదువుతూ కూర్చోకండి, ముందు దించుకోండి. వరసగా అయిదేళ్ళవి ఏ.ఓ.సి.-4 ఫారాలు (పద్దులు), ఆ తర్వాత ఎం.జి.టి.-7 ఫారాలు (వార్షిక రిటర్ను). మిగిలినవి టైముంటేనే. పాత ఫారాల్లో ఇంకో చిక్కు ఉంది. బ్యాలెన్స్ షీటు ఆ పి.డి.ఎఫ్. లోపల అటాచ్‌మెంటుగా దాగి ఉంటుంది. ఫోన్లోనో బ్రౌజర్లోనో తెరిస్తే పై ఫారం మాత్రమే కనిపించి ‘ఇందులో ఏమీ లేదు’ అనిపిస్తుంది. కంప్యూటర్లో అక్రోబాట్ రీడర్‌తో తెరిచి పేపర్ క్లిప్ గుర్తు నొక్కితే అసలు పద్దులు బయటికొస్తాయి.

ఇక చదవడం. లాభనష్టాల పట్టీలో చివరి అంకె చూసి ‘ఇంత లాభం వచ్చింది, మాకివ్వండి’ అని మొదలుపెట్టే కమిటీ సగం ఆటను అక్కడే వదులుకున్నట్టు. లాభం అనేది అన్నీ తీసేశాక మిగిలేది. ఏమేం తీశారో వెనకాల ఉన్న నోట్స్‌లో ఉంటుంది, మన పని అక్కడ.

మొదట ‘ఎంప్లాయీ బెనిఫిట్స్ ఎక్స్‌పెన్స్’ నోటు తీయండి. జీతాలు, పి.ఎఫ్. వగైరా నిధులకు కట్టింది, స్టాఫ్ వెల్ఫేర్ వేరువేరుగా ఉంటాయి. అయిదేళ్ళ అంకెలు పక్కపక్కన రాసి, ప్రతి ఏడాదీ టర్నోవరులో అది ఎంత శాతమో కట్టండి. ఉదాహరణకు టర్నోవరు 420 కోట్ల నుంచి 585 కోట్లకు పెరిగిందనుకుందాం. జీతాల ఖర్చు 31.5 కోట్ల నుంచి 36.3 కోట్లకు పెరిగింది. ‘జీతాలకు 4.8 కోట్లు ఎక్కువ పెడుతున్నాం’ అని యాజమాన్యం చెప్పేది నిజమే. కానీ వందలో జీతాల వాటా 7.5 నుంచి 6.2కి దిగింది. పాత వాటా ఉండి ఉంటే ఈ ఏడాది జీతాలకు 43.9 కోట్లు వెళ్ళాలి. తేడా ఏడున్నర కోట్లు. చర్చ అక్కడినుంచి మొదలవ్వాలి.

ఇక్కడే రెండు గుంటలున్నాయి. ఆ నోటులో మేనేజర్ల జీతాలు, డైరెక్టర్లకు ఇచ్చేది కూడా కలిసే ఉంటాయి, కార్మికుల వాటా విడిగా కనిపించదు. రెండోది ఇంకా పెద్దది. కాంట్రాక్టు కార్మికుల ఖర్చు ఈ నోటులో ఉండకపోవచ్చు. ‘అదర్ ఎక్స్‌పెన్సెస్’ నోటులో లేబర్ ఛార్జీలు, జాబ్ వర్క్, కాంట్రాక్ట్ ఛార్జీలు వంటి పేర్లతో ఉంటుంది. పర్మనెంటు వాళ్ళను తగ్గించి కాంట్రాక్టుకు మార్చిన కంపెనీలో జీతాల వాటా తగ్గినట్టు కనిపిస్తుంది, దాన్ని మనం చూపిస్తే ‘మనుషులే తగ్గారు కదా’ అంటారు. రెండు పద్దులూ కలిపి చూపిస్తే ఆ జవాబు చెల్లదు. పైగా కాంట్రాక్టు వాళ్ళకు ఎంత పోతోందో కూడా అదే కాగితంలో బయటపడుతుంది.

తర్వాత ‘రిలేటెడ్ పార్టీ’ నోటు, అంటే మాతృసంస్థ వంటి సంబంధిత సంస్థలతో జరిపిన లావాదేవీల నోటు. శ్రీపెరుంబుదూరు, ఒరగడం పట్టీలో విదేశీ మాతృసంస్థలున్న కంపెనీలకు ఇది అన్నిటికంటే ముఖ్యం. మాతృసంస్థకు రాయల్టీ, టెక్నికల్ ఫీజు, మేనేజ్‌మెంట్ ఫీజు ఎంత కట్టారు, విడిభాగాలు ఎంతకు కొన్నారు అన్నీ పేర్లతో సహా ఉంటాయి. లాభం 9 కోట్లే చూపించిన కంపెనీ అదే ఏడాది 17 కోట్లు రాయల్టీ కట్టి ఉంటే, ‘మా దగ్గర లేదు’ అనే మాటకు బలం ఉండదు. రాయల్టీ కట్టడం తప్పని అనొద్దు, అది వ్యాపార ఒప్పందం, ఆ వాదనలోకి దిగితే చర్చ దారి తప్పుతుంది. ‘లాభం లెక్కకు ముందే ఇంత మొత్తం ఇంటికి చేరింది’ అని చూపిస్తే చాలు.

తరుగుదల (యంత్రాలు అరిగినందుకు ఏటా లెక్కలో రాసుకునే ఖర్చు) పద్దు కూడా చూడండి. కొత్త లైను వేసిన ఏడాది తరుగుదల పెరిగి లాభం పడిపోతుంది. ఆ డబ్బు ఆ ఏడాది బయటికి పోలేదు. పన్ను పోగా లాభానికి తరుగుదల కలిపితే వచ్చే అంకెను నగదు లాభం అంటారు, చెల్లించే శక్తికి అది దగ్గరి కొలత. క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్లో కార్యకలాపాల నుంచి వచ్చిన నగదుతో సరిచూసుకోండి. అంకెలు లక్షల్లో ఉన్నాయా, కోట్లలోనా, వేలల్లోనా అని ప్రతి ఏడాదీ పై మూల చూడాలి. మధ్యలో యూనిట్ మార్చిన కంపెనీలుంటాయి, ఒక్క సున్నా తప్పితే మొత్తం పత్రం పరువు పోతుంది. స్టాండ్‌అలోన్ పద్దులే తీసుకోండి. కన్సాలిడేటెడ్‌లో అనుబంధ సంస్థల లెక్కలు కూడా కలుస్తాయి.

లిస్టయిన కంపెనీల విషయంలో ఇంకో రెండు పేజీలు బంగారం లాంటివి. డైరెక్టర్ల నివేదికకు అనుబంధంగా, 2014 నాటి మేనేజీరియల్ రెమ్యునరేషన్ నిబంధనల్లో 5(1) కింద, ఒక్కో డైరెక్టరు జీతం మధ్యస్థ ఉద్యోగి (జీతాల వరసలో సరిగ్గా మధ్యలో ఉన్న మనిషి) జీతానికి ఎన్ని రెట్లో, ఆ ఏడాది మధ్యస్థ జీతం ఎంత శాతం పెరిగిందో, పర్మనెంటు ఉద్యోగులు ఎందరో రాయాలి. రెండోది బి.ఆర్.ఎస్.ఆర్. (వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక). మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు 2022-23 నుంచి తప్పనిసరి. అందులో పర్మనెంటు, పర్మనెంటు కాని కార్మికుల సంఖ్య, కనీస వేతనమే పొందుతున్నవాళ్ళెందరు, అంతకంటే ఎక్కువ పొందుతున్నవాళ్ళెందరు, ఆడా మగా మధ్యస్థ జీతాలు, యూనియన్లో ఎంత శాతం ఉన్నారు అన్నీ పట్టికలుగా ఉంటాయి. కాంట్రాక్టు వాళ్ళ సంఖ్య అడిగితే ఎచ్.ఆర్. ఇవ్వకపోవచ్చు, ఇక్కడ కంపెనీయే ఇచ్చేసింది.

ఒక మార్కు ఎందుకు కోశామంటే, ఆలస్యం. మార్చి 31తో ముగిసిన ఏడాదికి వార్షిక సమావేశం సెప్టెంబరు 30లోగా, ఆ తర్వాత ముప్ఫై రోజుల్లో పద్దుల దాఖలు. జూలైలో చర్చలు జరుగుతుంటే చేతిలో ఉన్న తాజా లెక్క పదిహేను నెలల పాతది. ‘అది పోయిన సంవత్సరం మాట, ఈ ఏడాది ఆర్డర్లు లేవు’ అని ఎదురొస్తారు. దీనికి మందు రేటింగ్ ఏజెన్సీల దగ్గరుంది. బ్యాంకు అప్పు తీసుకుని రేటింగ్ చేయించుకున్న కంపెనీ అయితే క్రిసిల్, ఇక్రా, కేర్ వంటి సంస్థల సైట్లలో ఆ రేటింగుకు కారణాలు రాసిన నోటు ఉచితంగా ఉంటుంది. ఆదాయం, మార్జిన్, పెద్ద కస్టమర్లు, రాబోయే పెట్టుబడులు అందులో చెప్తారు. బ్యాంకుకు ‘బాగున్నాం’ అని చెప్పిన నోటితోనే కార్మికుడికి ‘బాగులేం’ అని చెప్పడం కష్టం. దానికి తోడు షాప్ ఫ్లోర్‌లో ఉన్నవాళ్ళకు షిఫ్టు ఉత్పత్తి, ఓవర్‌టైము గంటలు, గేటు దాటే లారీలు తెలుసు. ఆరు నెలలు నెలవారీగా రాసిపెట్టుకుంటే ఆ ఖాళీ పూడుతుంది.

ఇంకో పరిమితి ఉంది. పుణెలో ఒకటి, ఒరగడంలో ఒకటి ఫ్యాక్టరీలున్న కంపెనీకి పద్దులు ఒక్కటే, ప్లాంటు వారీగా రావు. ఎల్.ఎల్.పి.లు (పరిమిత బాధ్యత భాగస్వామ్యాలు) వేరే ఫారాలు, తక్కువ వివరాలతో దాఖలు చేస్తాయి. మామూలు భాగస్వామ్య సంస్థ అయితే ఈ పోర్టల్‌లో ఏమీ దొరకదు, చిన్న యూనిట్లు ఈ కోవలోకి రావొచ్చు. యాజమాన్యం ప్రింటవుటును నమ్మనంటే ధ్రువీకరించిన నకలు తీసుకోవచ్చు, పేజీకి 25 రూపాయలు. అవసరమైన నాలుగైదు పేజీలకే తీసుకోండి.

లేబర్ బ్యూరో ధరల సూచీ: మూడున్నర

పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచీని లేబర్ బ్యూరో ప్రతి నెలా ప్రకటిస్తుంది. ఈ నెల సూచీ వచ్చే నెల చివరి పనిదినాన వస్తుంది. పైసా ఖర్చు లేదు, దీన్ని కాదనే యాజమాన్యం లేదు, కోర్టుల్లోనూ ఇదే ప్రమాణం. చెన్నైకి విడిగా కేంద్రం ఉంది. అయినా పూర్తి మార్కులు ఇవ్వలేకపోవడానికి కారణాలున్నాయి.

ముందు దీని మామూలు ఉపయోగం. అఖిల భారత సూచీ (2016=100, అంటే 2016 ధరలను వందగా పట్టుకుని) 2021 డిసెంబరులో 125.4, 2022లో 132.3, 2023లో 138.8, 2024 డిసెంబరులో 143.7. మూడేళ్ళలో 14.6 శాతం. 2022 జనవరిలో 22,000 తీసుకుంటున్న కార్మికుడికి మూడేళ్ళ తర్వాత అదే బియ్యం, అదే గ్యాసు, అదే ఇంటద్దె సాగాలంటే 25,210 రావాలి. అంటే మొదటి 3,210 రూపాయలు పెంపు కానే కాదు, పోయినదాన్ని తిరిగి ఇవ్వడం. పాత ఒప్పందంలో మూడేళ్ళకు మొత్తం 4,500 ఇచ్చి ఉంటే అసలు పెంపు 5 శాతమే. 2,500 ఇచ్చి ఉంటే కార్మికుడు దాదాపు 3 శాతం కిందికి జారాడు. ఈ నాలుగు లైన్లు డిమాండ్ల పత్రంలో మొదటి పేజీలో ఉండాలి. మీ లెక్కకు మాత్రం చెన్నై కేంద్రం అంకెలు తీసుకోండి. ఒప్పందంలో ఏ కేంద్రం పేరుందో అదే వాడాలి. ప్రతి నెల 12 ప్రాంతాన వార్తల్లో వచ్చే ద్రవ్యోల్బణం వేరే సూచీ, దాన్ని గణాంక శాఖ ఇస్తుంది. ఎచ్.ఆర్. వాళ్ళు తక్కువున్న నెలలో దాన్ని తెస్తారు. కలపనివ్వకండి.

ఇప్పుడు అసలు ప్రమాదం, ఆధార సంవత్సరం మార్పు. 2020 సెప్టెంబరు సూచీతో 2001=100 శ్రేణి పోయి 2016=100 శ్రేణి వచ్చింది. అఖిల భారత లింకింగ్ ఫ్యాక్టరు 2.88. అంటే కొత్త సూచీలో ఒక్క పాయింటు పాత సూచీలో 2.88 పాయింట్లతో సమానం. చాలా ఒప్పందాల్లో డి.ఏ. (కరువు భత్యం) ‘పాయింటుకు ఇన్ని రూపాయలు’ అని ఉంటుంది. పాయింటుకు 4 రూపాయలని 2001 శ్రేణి మీద రాసుకున్నారనుకుందాం. పై మూడేళ్ళలో కొత్త సూచీ 18.3 పాయింట్లు పెరిగింది, పాత లెక్కలో అది 52.7 పాయింట్లు. రావాల్సిన డి.ఏ. 210 రూపాయల 80 పైసలు. లింకింగ్ మరిచిపోయి కొత్త పాయింట్లకు పాత రేటు కడితే వచ్చేది 73 రూపాయల 20 పైసలు. నెలనెలా, తలతలకూ మూడింట రెండొంతులు పోయినట్టు. ఎవరూ మోసం చేయనక్కర్లేదు, పే రోల్ సాఫ్ట్‌వేర్లో సూచీ మార్చి రేటు మార్చకపోతే చాలు, అదే జరిగిపోతుంది. మీ కంపెనీలో 2020 అక్టోబరు తర్వాతి పే స్లిప్పులు తీసి ఈ ఒక్క లెక్క వేసి చూడండి, దయచేసి. 2.88 అఖిల భారతానిది మాత్రమే. చెన్నైకి దాని సొంత ఫ్యాక్టరు ఉంది, లేబర్ బ్యూరో కేంద్రాల వారీ పట్టికలో ఉంటుంది. ఇంకా పాత 1982 శ్రేణి మీద నడుస్తున్న ఒప్పందమైతే 1982 నుంచి 2001కి ఇంకో ఫ్యాక్టరు (అఖిల భారతానికి 4.63) కూడా గుణించాలి.

రెండో లోపం తూకాల్లో ఉంది. కొత్త శ్రేణిలో ఆహారం తూకం 46.2 నుంచి 39.17కి దిగింది, విద్య, వైద్యం, రవాణా వంటివున్న ఇతరాలు 23.26 నుంచి 30.31కి పెరిగాయి, ఇల్లు 16.87. సగటు కుటుంబానికి ఇది సరే. నెలకు 15,000 తెచ్చుకునే ట్రైనీ ఇంట్లో కూరగాయల బరువు దీనికంటే ఎక్కువే, కూరగాయలు మండిన నెలల్లో వాళ్ళ కష్టాన్ని సూచీ తక్కువ చేసి చూపిస్తుంది. ఇంటద్దెల సర్వే ఆరు నెలలకోసారి, జనవరిలోనూ జూలైలోనూ లెక్కలోకి వస్తుంది, ఆ రెండు నెలల్లో సూచీ ఒక్కసారిగా కదలొచ్చు. చర్చల్లో పోల్చేటప్పుడు జనవరిని జనవరితోనే పోల్చండి. శ్రీపెరుంబుదూరుకో గుమ్మిడిపూండికో విడి కేంద్రం లేదు, కొత్త ఫ్యాక్టరీ వచ్చి అక్కడ అద్దెలు ఎగబాకితే సూచీకి తెలియదు. ఇరవై ముప్ఫై మంది సభ్యుల అద్దె రసీదులు, మూడేళ్ళ కిందటివీ ఇప్పటివీ పక్కపక్కన పెడితే ఆ లోటు తీరుతుంది.

ఆర్.టి.ఐ.తో పక్క ఫ్యాక్టరీ ఒప్పందం: రెండున్నర

వేతన వివాదాల్లో కోర్టులు ఎప్పటినుంచో పాటిస్తున్న సూత్రం, అదే పరిశ్రమలో అదే ప్రాంతంలో ఇస్తున్నదాంతో పోల్చడం. 1963 నాటి సుప్రీంకోర్టు గ్రీవ్స్ కాటన్ తీర్పు నుంచి ఇది గట్టిపడింది. పోల్చడానికి పక్క ఫ్యాక్టరీ ఒప్పందం కావాలి. స్నేహితుడు వాట్సాప్‌లో పంపిన ఫోటో పనికిరాదు. కార్మిక శాఖ అధికారి సమక్షంలో కుదిరిన ఒప్పందమైతే (2025 నవంబరు దాకా అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టంలో దీన్ని 12(3) ఒప్పందం అనేవారు) నకలు ఆ శాఖ దగ్గర ఉంటుంది. పది రూపాయలతో ఆర్.టి.ఐ. (సమాచార హక్కు) దరఖాస్తు పెట్టొచ్చు, ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి.

వచ్చే తిప్పలు ఇవి. యూనియన్ లెటర్‌హెడ్ మీద పెడితే తిప్పి పంపొచ్చు. ఈ హక్కు చట్టంలో పౌరుడికి ఇచ్చింది, కాబట్టి ఒక సభ్యుడి సొంత పేరుతో పెట్టాలి. ‘మా ప్రాంతంలోని జీతాల ఒప్పందాలన్నీ ఇవ్వండి’ అని అడిగితే ‘సమాచారం ఆ రూపంలో లేదు’ అని వస్తుంది. కంపెనీ పేరు, ఏ ఏడాది, ఏ అధికారి ముందు అని రాసి ‘నకలు’ అని అడగాలి. మూడో పక్షం అంటూ ఆ కంపెనీ అభిప్రాయం అడుగుతారు, వాళ్ళు వద్దంటారు, వ్యాపార రహస్యం అని తిరస్కరణ వస్తుంది. మొదటి అప్పీలుకు ముప్ఫై రోజులు. ఇదంతా నాలుగైదు నెలల పని, అందుకే పాత ఒప్పందం ముగియడానికి ఎనిమిది నెలల ముందే పెట్టాలి. తెలిసిన యూనియన్ ఉంటే వాళ్ళనే సంతకం చేసిన నకలు అడగడం చాలా సులువు. ఈ సేవకు తక్కువ మార్కులు అందుకే.

పోల్చేటప్పుడు గ్రాస్ (కోతలకు ముందు మొత్తం జీతం) పక్కన గ్రాస్ పెట్టి సంబరపడొద్దు. వాళ్ళ గ్రాస్‌లో హాజరు బోనస్, ఉత్పత్తి ప్రోత్సాహకం కలిసి ఉండొచ్చు. సర్వీసు ఏళ్ళు సమానంగా ఉన్న ఇద్దరి బేసిక్, డి.ఏ., స్థిరమైన అలవెన్సులు విడివిడిగా పెట్టండి.

మూడింటిలోనూ లేనిది

కుటుంబానికి నిజంగా ఎంత కావాలి అనే లెక్కను ఏ పోర్టలూ ఇవ్వదు. దానికి సూత్రం 1957 నాటి 15వ భారత కార్మిక సమావేశంలో ఉంది. ఒక్క సంపాదనపరుడికి మూడు వినియోగ యూనిట్లు (తాను 1, భార్య 0.8, ఇద్దరు పిల్లలు చెరో 0.6), యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీలు, నలుగురికి ఏడాదికి 72 గజాల బట్ట, ప్రభుత్వ పారిశ్రామిక గృహ పథకం మేరకు అద్దె, ఇంధనం, దీపం, ఇతరాలకు మొత్తం వేతనంలో 20 శాతం. 1991లో సుప్రీంకోర్టు రెప్టకోస్ బ్రెట్ కేసులో, అది మద్రాసు కార్మికుల కేసే, పిల్లల చదువు, వైద్యం, పండగలు, ముసలితనం, పెళ్ళిళ్ళకు ఇంకో 25 శాతం చేర్చింది.

దాదాపు అందరూ తప్పు చేసేది చివరి మెట్టులో. ఆ 20, 25 శాతాలు ‘మొత్తం వేతనంలో’ శాతాలు. తిండి, బట్ట, అద్దె కలిపి 14,300 వచ్చిందనుకోండి. దానికి 45 శాతం కలిపితే 20,735 అవుతుంది, ఇది తప్పు. 14,300 అనేది మొత్తంలో మిగిలిన 55 శాతం. కనుక 14,300ను 0.55తో భాగించాలి, 26,000 వస్తుంది. మన చేతులతో మనమే అయిదువేలు తగ్గించుకుని అడగడం ఎందుకు? తిండి లెక్కకు ధరలు కోయంబేడు టోకు ధరలు కాకుండా మీ వీధి దుకాణం బిల్లులతో వేయండి, మూడు దుకాణాల సగటు, ఒకే వారంలో.

డిమాండ్ ఖరీదు మనమే కట్టాలి

అడిగిన పెంపుకు కంపెనీ మొత్తం ఖర్చెంతో మనం ముందే చూపించకపోతే వాళ్ళు భూతద్దంలో చూపిస్తారు. పై ఉదాహరణలోని కంపెనీలో 380 మంది పర్మనెంటు అనుకుంటే, తలకు 6,000 అంటే ఏడాదికి 2 కోట్ల 73 లక్షల 60 వేలు. అంతా బేసిక్‌లో కలిపితే పి.ఎఫ్. 12 శాతం, గ్రాట్యుటీ 4.81 శాతం తోడై సుమారు 3.2 కోట్లు. 585 కోట్ల టర్నోవరులో అది నూటికి 55 పైసలు. (పి.ఎఫ్.ను 15,000 పరిమితి మీదే కడుతున్న కంపెనీలో ఆ భాగం ఇంకా తక్కువ.)

పెంపంతా స్పెషల్ అలవెన్సులో వేస్తామంటే ఒప్పుకోకండి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం మినహాయింపు అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటిన భాగం వేతనం కిందికే వస్తుంది. పాత స్లిప్పులను ఆ లెక్కతో ఒకసారి సరిచూసుకోవాలి. ఇంకొకటి ఇ.ఎస్.ఐ. (కార్మికుల ఆరోగ్య బీమా). 2017 జనవరి నుంచి దాని జీతం పరిమితి 21,000. 19,500 ఉన్నవాడికి 3,000 పెంచితే ఆ అర్ధసంవత్సర చందా కాలంతో చందా ఆగిపోతుంది, దానికి సంబంధించిన ప్రయోజన కాలం ముగిశాక ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి తలుపు మూసుకుంటుంది. పెంపుతో పాటే కుటుంబానికి మెడికల్ పాలసీ, తల్లిదండ్రులతో సహా, అదే ఒప్పందంలో రాయించాలి. ‘తర్వాత చూద్దాం’ అన్నది రాలేదంటే ఒక్క ఆపరేషన్‌తో మూడేళ్ళ పెంపు పోతుంది.

కమిటీలో తమిళం చదవలేని తెలుగు సభ్యులుంటే ఒప్పందం ముసాయిదాను సంతకానికి ముందు రోజే తీసుకుని, డి.ఏ. క్లాజును మాట మాటగా అర్థం చెప్పించుకోండి. అందులో ఆరు విషయాలు కనిపించాలి: సూచీ పూర్తి పేరు, కేంద్రం (చెన్నై), ఆధార సంవత్సరం, లెక్క మొదలయ్యే నెల, దాని సూచీ అంకె, పాయింటుకు రేటు. వాటి కింద ఇంకో వాక్యం చేర్పించండి: ‘ఆధార సంవత్సరం మారితే లేబర్ బ్యూరో ఆ కేంద్రానికి ప్రకటించిన లింకింగ్ ఫ్యాక్టరుతో కొత్త సూచీని గుణించి, పాత శ్రేణి పాయింట్ల మీదే డి.ఏ. చెల్లించాలి, ఏ కారణంతోనూ మార్పుకు ముందు నెల డి.ఏ. కంటే తగ్గరాదు.’